పల్నాటి పట్టాలు – 6: నడికుడి దగ్గర చీలిన దారి

నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. "రైలు ఎప్పుడొచ్చింది, ఎవరు వేశారు అన్నది అయిదు వారాలుగా చదువుతున్నాం. బాగానే ఉంది. కానీ ఒక్క సంగతి మీరు చెప్పకుండా దాటేస్తున్నారు. నడికుడి దాకా ఒకే పట్టాల మీద వచ్చిన బళ్లలో ఒకటి పొందుగుల వైపు పోతుంది, ఒకటి గురజాల వైపు పోతుంది. ఆ చీలిక దగ్గర డ్రైవరు ఏం చేస్తాడండీ?"

ఏమీ చెయ్యడు. చెయ్యడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఎద్దుబండికి పగ్గాలున్నాయి, పడవకు చుక్కాని ఉంది, రైలింజనుకు రెండూ లేవు. డ్రైవరు చేతిలో ఉన్నవి రెండే పనులు, బండిని నడపడం, ఆపడం. ఎటు పోవాలన్నది నేల మీద ఉన్నవాళ్లు అతను రాకముందే తేల్చిపెట్టి ఉంచుతారు. పల్నాటి రైలు చరిత్రలో సగం ఈ ఒక్క మాటలో ఉంది. అందుకని ఈ వారం తారీఖుల వరసను కాస్త వదులుగా పట్టుకుని, బండి కిందికి వంగి చూద్దాం.

కిందటి భాగాలు చదవనివారి కోసం నాలుగు ముక్కలు. 1876-78 నాటి మహాకరువు తరవాత, 1880లో కరువు కమిషన్ చేసిన సిఫార్సుల వెనకే దక్షిణాదిలో కరువు రైళ్లు వచ్చాయి. గింజలున్న చోటి నుంచి గింజల్లేని చోటికి తోలుకుపోవడానికి వేసిన దార్లవి. బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే అందులో ఒకటి. గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల కనుమలు, కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా 1890 నాటికి తాడేపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు చేరింది. నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి, మన పెద్దలు ఎం.ఎస్.ఎం. అని పిలిచిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. నరసరావుపేటకు రైలు వచ్చిన నలభై ఏళ్ల దాకా గురజాల, మాచర్ల వాళ్లకు రైలంటే ఎవరో చెప్పగా విన్నదే.

ఆ పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచిన మొదటి బండి అయిదడుగుల ఆరంగుళాల వెడల్పు పట్టాల మీద నడిచింది. 1870లో వైస్రాయి మేయో, ఇంత వెడల్పు దారి దేశమంతా వేయాలంటే ఖజానా చాలదని సన్నదారి తెచ్చాడు. ఆ రోజుల్లోనే ఇండియాలో మెట్రిక్ కొలతలు పెడదామన్న ఆలోచన నడుస్తోంది. అందుకని సన్నదారికి అంగుళాల లెక్క మానేసి మీటరు ఖాయం చేశారు. తర్వాత కొలతల ఆలోచన మూలన పడింది, పట్టాలు మాత్రం పడ్డాయి. అడుగులూ గజాలూ తప్ప మరో కొలత ఎరగని నరసరావుపేటలోకి మీటరు అలా అందరికంటే ముందు, ఇనప రూపంలో వచ్చి కూర్చుంది. అది మీటరని ఎందరికి తెలుసో గాని, మా చిన్నప్పుడు మాత్రం అది "చిన్న రైలు".

ఇక చక్రం సంగతి. రైలు చక్రానికి లోపలి అంచున ఒక గట్టు ఉంటుంది, పట్టా దాటి పక్కకు పోకుండా. ఆ గట్టే బండిని పట్టాల మీద నిలబెడుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అసలు పని చేసేది గట్టు కాదు, చక్రం వాలు. పట్టా మీద ఆనే భాగం సమంగా ఉండదు. లోపలివైపు కాస్త లావు, బయటివైపు కాస్త సన్నం. ఇరవై పాళ్లకు ఒక పాలు వాలు. ఇంట్లో రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. మూతులు రెండూ కలిపి అతికించండి. రెండు కర్రలు పక్కపక్కనే పెట్టి వాటి మీద దొర్లించండి. ఓ పక్కకు జరిగితే, ఆ పక్క లావు భాగం కర్ర మీదికి వస్తుంది, అటువైపు ఎక్కువ దూరం దొర్లుతుంది, దాంతో తనంతట తానే మధ్యకు వచ్చేస్తుంది. ఈసారి గ్లాసుల అడుగులు అతికించి చూడండి, రెండు జానలు పోకుండానే కింద పడుతుంది.

రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఎద్దుబండి చక్రాల్లా దేనికది తిరగదు. వంపులో బయటి పట్టా పొడవు ఎక్కువ, లోపలిది తక్కువ. బండి బయటికి ఒరిగినప్పుడు బయటి చక్రం లావు భాగం మీద, లోపలి చక్రం సన్న భాగం మీద నడుస్తాయి. లెక్క సరిపోతుంది. గట్టు పట్టాకు రాసుకుని కీచుమంటే వంపు మరీ గట్టిదన్నమాట.

ఇనుము మీద ఇనుము దొర్లితే రాపిడి తక్కువ. కంకర రోడ్డు మీద ఎద్దుల జత లాగగలిగిన బరువుకు ఎన్నో రెట్లు అదే శక్తితో పట్టాల మీద లాగవచ్చు. కరువు రైలుకు గింజలు చవగ్గా మొయ్యడం వచ్చింది ఈ నున్నదనం వల్లే. కానీ నున్నదనానికి రెండో వైపు ఉంది. తేలిగ్గా కదిలేది తేలిగ్గా ఆగదు. ఆ బాధ మాచర్లలో చూద్దాం.

1930ల తొలి సంవత్సరాలకు గుంటూరు-మాచర్ల లైను వచ్చింది, మీటరుగేజే. నల్లపాడు దాటాక పాత లైనును వదిలి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల. నాగార్జునకొండ బౌద్ధ శిథిలాలు 1926లో వెలుగు చూశాయి. వాటిని చూడబోయేవాళ్లకు చాలాకాలం చివరి రైల్వే స్టేషను మాచర్లే. ఒక్క మాట చెప్పుకోవాలి. పల్నాటి యుద్ధం కథలో గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవాదులది. దాయాదులు రెండు రాజధానులుగా చీలి కారెంపూడిలో కొట్టుకు చచ్చిన రెండు ఊళ్లను ఎం.ఎస్.ఎం. వాళ్లు ఒకే లైనుకు గుచ్చారు. కారెంపూడికి మాత్రం రైలు పోలేదు.

ఒకే లైను. వెళ్లే బండికీ వచ్చే బండికీ అదే దారి. మరి ఎదురెదురు రాకుండా కాపాడిందెవరు? పిడికిట్లో పట్టే ఒక ఇనప గుండు.

దాన్ని టోకెన్ అనేవారు. పక్క పక్క స్టేషన్లు రెండింటిలోనూ చెరొక యంత్రం, రెంటినీ కలుపుతూ కరెంటు తీగ. ఇటు స్టేషను మాస్టరు గంట కొట్టి లైన్ క్లియర్ అడుగుతాడు. అటు మాస్టరు తన పక్క దారి ఖాళీగా ఉందని చూసుకుని ఒప్పుకుంటేనే ఇటు యంత్రంలోంచి ఒక గుండు బయటికి దొర్లుతుంది. దాని మీద ఆ రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ గుండు తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా, రెండు వైపులా ఎంత కొట్టుకున్నా రెండో గుండు రాదు. గుండు ఎవరి దగ్గరుంటే దారి వాళ్లది. నలగామరాజుకూ మలిదేవుడికీ మధ్య ఇలాంటి గుండు ఒకటి ఉండి ఉంటే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తుంది.

గుండును తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తం వలయానికి కట్టేవారు. ఆగని బండి అయితే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం చివర వలయాన్ని ఎత్తి పట్టుకుని నిలబడతాడు. ఇంజనులోంచి ఫైర్‌మన్ ఒంగి, పాత వలయాన్ని కిందికి విసిరేసి, కొత్తదానిలోకి మోచెయ్యి దూర్చి లాక్కుంటాడు. మోచెయ్యి వాచని ఫైర్‌మన్ లేడంటారు. రాత్రిపూట పాయింట్స్‌మన్ రెండో చేత్తో కాగడా వెలిగించి పట్టుకునేవాడు, వలయం కనబడాలి గదా. డ్రైవరు గుండు తీసి పేరు చదువుకున్నాకే ముందుకు. లైన్ క్లియర్ అన్న మాట అక్కడి నుంచే మన ఇళ్లలోకి వచ్చింది. పెళ్లి సంబంధానికి మామగారు ఒప్పుకున్నా, ఫైలు మీద సంతకం పడినా ఈరోజుకూ "లైన్ క్లియర్" అంటున్నాం.

గుండు లేని బండి స్టేషన్లో ఆగాల్సిందే. ఎదటి బండి వచ్చేదాకా లూపు లైనులో పడుంటుంది. కిటికీలోంచి తల బయట పెట్టి "ఏందయ్యా, ఇంకెంతసేపు?" అని అడిగితే, "క్రాసింగు పడింది బాబాయ్, టీ తాగి రాపో" అన్న జవాబు పల్నాడంతా ఒక్కటే.

లూపులోకి బండి ఎలా పోతుంది? ఇప్పుడు ఉత్తరం రాసినాయన ప్రశ్నకు వచ్చాం. స్టేషను మొగలో రెండు దార్లు విడిపోయే చోట, రెండు పట్టాలు కత్తిలాగా చెక్కి సన్నబడి ఉంటాయి. వీటిని నాలుక పట్టాలంటారు. రెంటినీ ఒక ఇనప కడ్డీ కలుపుతుంది, అందుకే జంటగా జరుగుతాయి. ఎడమ నాలుక తన పక్క పట్టాకు ఆనుకుంటే కుడిది ఎడంగా నిలుస్తుంది, బండి గట్టు ఆ సందులోంచి ఒక దారికి పోతుంది. అటు జరిపితే రెండో దారి. నాలుక జరిగేది నాలుగున్నర అంగుళాలు. వందల మందిని హైదరాబాదుకు పంపాలా, మాచర్లకు పంపాలా అన్నది ఆ నాలుగున్నర అంగుళాల్లో తేలిపోతుంది.

నాలుకల తర్వాత ఇంకో గండం ఉంది. కొత్త దారి పట్టా ఒకటి పాత దారి పట్టాను అడ్డంగా దాటాలి. అక్కడ గట్టు పోవడానికి పట్టాలో సందు వదలాలి. సందులో చక్రం తప్పుదారి పట్టకుండా ఎదుటి పట్టా పక్కన ఇంకో పట్టాముక్క కాపలా ఉంటుంది. చెక్ రైలు అంటారు. స్టేషన్లోకి వచ్చేటప్పుడు "టకటక టకటక" చప్పుడు ఒక్కసారి చిక్కబడి మనిషి ఊగేది ఇక్కడే. మనవాళ్లు సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టేదీ ఇక్కడే.

నాలుక పట్టాకు అంటీ అంటనట్టు నిలిస్తే? చక్రం గట్టు ఆ సందులో దూరి, ముందు చక్రాలు ఒక దారికి, వెనకవి ఒక దారికి పోతాయి. దానికి మందు ఇంగ్లండులో 1856లో జాన్ శాక్స్‌బీ పేటెంటు తీసుకున్న లీవర్ల బంధం. కేబిన్లో లీవర్లు వరసగా ఉండేవి. ఎర్రవి సిగ్నళ్లవి, నల్లవి పాయింట్లవి, అంటే నాలుకలవి, నీలంవి తాళాలవి. పాయింటు లాగి, తాళం వేశాక తప్ప సిగ్నలు లీవరు కదలదు. సిగ్నలు పడ్డాక పాయింటు కదలదు. కేబిన్‌మన్‌కు నిద్ర వచ్చినా, కోపం వచ్చినా, పక్కన పెద్దాఫీసరు నిలబడి గదమాయించినా కదలదు. నాలుకకూ పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల బిళ్ల పెట్టి పరీక్ష చేస్తారు. బిళ్ల ఉండగా తాళం పడితే ఆ పాయింటు పనికిరాదు. ఇప్పుడు లీవర్ల బదులు మోటార్లు, మీటలు, కంప్యూటరు తెరలు వచ్చాయి. నియమం మాత్రం శాక్స్‌బీ నాటిదే.

కేబిన్‌మన్ ఓడిపోయేది ఎండ దగ్గర. రెంటచింతల ఈ లైనులోదే. వేసవి వచ్చిందంటే పేపర్లో పేరుండే ఊరు. సిగ్నలు చేతిని లాగే తీగ వందల గజాల పొడవుండేది. ఎండకు సాగి, లీవరు పూర్తిగా లాగినా చెయ్యి సగమే వాలేది. సగం వాలిన చెయ్యి డ్రైవరు కంటికి సగం అబద్ధం. అందుకని మధ్యాహ్నాలు తీగ బిగించడం, రాత్రికి వదులు చెయ్యడం ఒక పనిగా ఉండేది. పట్టాదీ అదే తంతు. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. పాత రోజుల్లో ఆ జాగా కోసం పట్టాకూ పట్టాకూ మధ్య సందు వదిలి, ఫిష్‌ప్లేట్లతో బిగించేవారు. రైలు పాట అనుకునే టకటక ఆ సందులదే. ఇప్పుడు పట్టాలన్నీ అతికేస్తున్నారు, పాట పోయింది. సాగడానికి జాగా లేక పట్టాలో వత్తిడి పెరుగుతుంది. స్లీపర్లూ కంకరా దాన్ని పట్టుకుని ఉంచాలి, లేదా పట్టా పాములా మెలికపడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రెంటచింతల కట్ట మీద ఒంటరిగా నడిచే కీమన్ వెతికేది ఆ మెలిక కోసమే. ఏసీ పెట్టెలో కూర్చుని బండి ఆలస్యమని విసుక్కునేటప్పుడు ఒకసారి కిటికీలోంచి చూస్తే కనబడతాడు.

నడికుడికి తిరిగి వద్దాం. లైను వేసినప్పుడు నడికుడి జంక్షను కాదు. మాచర్లకు పోయే దారిలో ఒక మామూలు స్టేషను. 1970లలో బీబీనగర్ నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా కృష్ణ దాటి నడికుడికి కొత్త దారి తలపెట్టారు. 1980ల చివరికి అది వచ్చింది. అదేమో బ్రాడ్‌గేజి, 1676 మిల్లీమీటర్లు. మనదేమో 1000. ఆ రెంటినీ ఏ నాలుక పట్టా కలపలేదు. గేజి మారిన చోట బస్తా దింపి బస్తా ఎత్తాల్సిందే, మనిషి దిగి మనిషి ఎక్కాల్సిందే. 1990ల తొలినాళ్లలో గుంటూరు-మాచర్ల లైనును కూడా బ్రాడ్‌గేజి చేశాక గాని ఆ ముడి విడలేదు.

విడ్డాక జరిగిన చిత్రం చూడండి. గుంటూరు నుంచి సికింద్రాబాదుకు కాజీపేట చుట్టు తప్పింది. నారాయణాద్రి లాంటి ఎక్స్‌ప్రెస్సులు పిడుగురాళ్ల, నడికుడి మీదుగా పరిగెత్తాయి. అరవై ఏళ్లు మెయిను లైనుగా ఉన్న మాచర్ల దారి నడికుడి నుంచి ఓ 35 కిలోమీటర్ల బ్రాంచి అయిపోయింది. పట్టాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మాచర్లకు బళ్లు ఎన్ని, ఏ వేళకు అన్నది ఇక నడికుడిలో నాలుక ఎటు ఆనుకుని ఉంటుందన్న దాన్ని బట్టి తేలింది. మాచర్ల నుంచి నల్గొండకు 92 కిలోమీటర్ల కొత్త లైను 1997-98లో మంజూరయింది. మంజూరు కాగితం మీదే నిలిచింది. ఇటు పిడుగురాళ్ల నుంచి శ్రీకాళహస్తి లైను 2011-12లో మంజూరై, రొంపిచర్ల, శావల్యాపురం దాకా ముందు పూర్తయింది. గుంటూరు-బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్లకు రెండో లైను వేయడానికి 2023 ఆగస్టులో కేంద్రం ఒప్పుకుంది. బ్రాంచి మాత్రం బ్రాంచిగానే ఉంది. మాచర్లకు అన్యాయం జరిగిందనేవాళ్లున్నారు. నా లెక్కలో ఇది అన్యాయం కన్నా రైలు గుణం. కొస ఊరికి చివరిదాకా వచ్చే బండే వస్తుంది, దారిలో ఉన్న ఊరికి పోయే ప్రతి బండీ వస్తుంది.

కొసకు వచ్చాం కనుక ఇక ఆపడం. గూడ్సు బండి నిండితే దాదాపు 5000 టన్నులు. ఇందాకటి నున్నదనం వల్ల, బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. డ్రైవరుకు ఎదుట ఏదో కనబడ్డాక ఆపడం కుదరని పని. అందుకే స్టేషనుకు చాలా ముందుగానే సిగ్నళ్లు మొదలవుతాయి. "బండిని అవుటర్లో ఆపేశాడు" అని తిట్టుకునే అవుటరు అదే.

మొదటి రోజుల్లో ఇంజనుకూ గార్డు పెట్టెకూ మాత్రమే బ్రేకులుండేవి. డ్రైవరు ఈల వేస్తే గార్డు చక్రం తిప్పి బిగించాలి. 1869లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే కుర్రాడు గాలితో అన్ని పెట్టెలకూ ఒకేసారి బ్రేకు వేసే పద్ధతి కనిపెట్టాడు. మూడేళ్లకు దాన్ని తలకిందులు చేశాడు. ఆ తలకిందులే అసలు గొప్ప. గాలి పంపితే బ్రేకు పడటం కాదు, గాలి పోతే బ్రేకు పడటం. గొట్టం తెగినా, బండి రెండు ముక్కలయినా ఎవరూ ముట్టుకోకుండానే ఆగుతుంది. మన మీటరుగేజి బళ్లలో దీనికి అన్నదమ్ముడు, వాక్యూమ్ బ్రేకు ఉండేది. ఇంజను గొట్టంలోంచి గాలి పీల్చేసి ఉంచుతుంది. శూన్యం ఉన్నంతసేపూ బ్రేకు ఎత్తి ఉంటుంది. గాలి లోపలికి వదిలితే "హుస్సు"మని వాతావరణమే పిస్టన్‌ను తోసి బ్రేకు బిగిస్తుంది. గొలుసు లాగినప్పుడు జరిగేదీ అదే, గొట్టంలోకి ఒక కన్నం తెరుచుకుంటుంది. తన ఊరి దగ్గర బండి ఆగదని తెలిసిన ఘనులు కొందరు గొలుసు జరిమానా తప్పించుకోవడానికి పెట్టెల మధ్య గొట్టమే పీకేసేవారు. బ్రేకు సిద్ధాంతం చదువు లేకుండా ఒంటబట్టించుకున్నవాళ్లు. 1980ల నుంచి క్రమంగా గాలి బ్రేకులు వచ్చాయి, చదరపు సెంటీమీటరుకు 5 కిలోల వత్తిడితో.

డ్రైవరే సిగ్నలు దాటేస్తే? ఆ భయానికి జవాబు మన దక్షిణ మధ్య రైల్వేలోనే పరీక్షకు నిలిచింది, కవచ్ అని. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురు వదిలారు. ఒక దానిలో రైల్వే మంత్రే కూర్చున్నాడు. 380 మీటర్ల దూరం ఉండగా ఇంజను తనకు తానే ఆగింది. అడ్డు పడే గుండు ఇప్పుడు రేడియోలోకి మారిందన్నమాట.

మాచర్లలో ఆ గొడవేమీ లేదు. పట్టాల చివర బఫరు దిమ్మ ఉంటుంది. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాటికి కుడిగట్టు వైపు రైలు అందే ఆఖరి చోటు అదే. బండి మెల్లగా వచ్చి, దిమ్మకు చాలా ముందే ఆగుతుంది. పాయింట్స్‌మన్ దిగి, గొట్టాలు విప్పి, కొక్కెం తీస్తాడు. ఇంజను ఒంటరిగా ముందుకు పోయి, ఒక నాలుక దాటి నిలబడుతుంది. నాలుక మారుతుంది. వెనక్కి లూపు మీదుగా బండి పొడుగునా వచ్చి, రెండో నాలుక దాటి ఆగుతుంది. మళ్లీ మారుతుంది. ఇంజను ఇటు వచ్చి తోకకు తగులుకుంటుంది. ఇంజను పక్క పెట్టెలో చోటు దొరికిందని గుంటూరులో సంబరపడి ఎక్కి, ఇంకా దిగనివాళ్లు ఎవరైనా ఉంటే, ఇప్పుడు ఆఖరి పెట్టెలో ఉంటారు.

(వచ్చే భాగం: నల్లమల కనుమల్లో, బొగడ సొరంగం దగ్గర)